చివరి యూనిట్‌లోని ఆకాశం

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ విద్యార్థులు మూడో సంవత్సరంలో చదివే ‘యాంటెన్నాస్ అండ్ వేవ్ ప్రోపగేషన్’ పేపరు, వాళ్ళ నోట ఏడబ్ల్యూపీగా స్థిరపడిపోయినది, పేరులో రెండు విషయాలకు సమానమైన చోటిచ్చినా పాఠంలో మాత్రం మొదటిదానికే పెద్దపీట వేస్తుంది. తీగలో అటూ ఇటూ ఊగే విద్యుత్తును తరంగంగా మార్చి ఖాళీలోకి వదిలే, లేదా ఖాళీలోంచి వచ్చిన తరంగాన్ని తిరిగి విద్యుత్తుగా మార్చి తీగకు అందించే లోహ నిర్మాణమే యాంటెన్నా కాగా, అలా వదిలిన తరంగం నేల మీదుగా, గాలిలో, ఆ పైనున్న పొరల్లో ఎలా వంగుతుంది, ఎంత క్షీణిస్తుంది, ఎక్కడికి చేరుతుంది అని తేల్చేది ప్రసరణ శాస్త్రం. సిలబస్ డైపోల్‌తో మొదలై యాంటెన్నాల వరుసలు, యాగి, హార్న్, పారాబోలా మీదుగా సాగి, సెమిస్టరు ముగిసే హడావుడిలో, చివరి యూనిట్‌లో ప్రసరణను తాకుతుంది. ఈ శాస్త్రం ఎదిగిన క్రమం దీనికి దాదాపు తలకిందులు. యాంటెన్నాలకు చక్కని సిద్ధాంతం కుదరకముందే తరంగం ఎక్కడికి పోయి ఎలా తిరిగి వస్తున్నదన్న ప్రశ్న భౌతికశాస్త్రవేత్తల నిద్ర చెడగొట్టింది. భారతదేశం ఈ విద్యకు సొంతంగా చేర్చినదానిలో ఎక్కువ భాగం కూడా ఆ చివరి యూనిట్ విషయాల్లోనే ఉంది.

విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదాన్నొకటి పుట్టిస్తూ కాంతి వేగంతో ముందుకు సాగగలవని మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన పత్రంలో గణితపరంగా చూపగా, జర్మనీలోని కార్ల్స్‌రూహెలో హైన్‌రిక్ హెర్ట్జ్ 1886 నుంచి 1888 వరకు చేసిన ప్రయోగాల్లో ఆ తరంగాలను స్పార్కులతో పుట్టించి, చిన్న ఖాళీ వదిలిన తీగచుట్టలో పట్టుకున్నారు. హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి. ఆయన పరికరాల్లో పారాబోలా ఆకారపు లోహపు రేకులు నిలువెత్తున ఉండేవి, తారుతో పోసిన పట్టకం ఒక మనిషి ఎత్తలేనంత బరువుండేది. తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉండే దూరం, తగ్గితే పరికరం కూడా ఆ మేరకు చిన్నదవుతుంది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ పట్టుకున్న కీలకం ఇదే.

బోస్ సుమారు 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల తరంగాలను పుట్టించి, మొత్తం ప్రయోగశాలను ఒక బల్ల మీదికి తెచ్చారు. తరంగాలను పోగుచేసి గ్రాహకానికి అందించడానికి ఆయన అమర్చిన లోహపు గరాటు ఈనాటి పాఠ్యపుస్తకాల్లో హార్న్ యాంటెన్నాగా కనిపిస్తుంది. తరంగాన్ని బోలు గొట్టంలో నడిపించే వేవ్‌గైడ్ ఆలోచనకూ ఆయన పరికరాల్లో తొలి రూపం ఉంది. ధ్రువణం గురించి, అంటే తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఏ తలంలో ఊగుతుందో దాని గురించి, ఆయన చేసిన ప్రయోగాల్లో వాడిన సామగ్రిని చూస్తే ఆ ప్రయోగశాల తీరు తెలుస్తుంది. బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం పుటల మధ్య తగరపు రేకులు పెట్టి దాన్నే ధ్రువణకారిగా వాడారు. చక్కెర ద్రావణం కాంతి ధ్రువణ తలాన్ని తిప్పే తీరుకు నమూనాగా, బెంగాల్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరికే జనపనారను కట్టలుగా కట్టి, కొన్నిటిని కుడికి, కొన్నిటిని ఎడమకు మెలిపెట్టి, వాటి గుండా పోయిన తరంగపు ధ్రువణ తలం మెలికను బట్టి తిరుగుతుందని 1898లో చూపారు. కృత్రిమ నిర్మాణాలతో తరంగాన్ని మలచే విద్యకు దీన్ని ఆదిగా చూసేవారున్నారు, అది అతిశయోక్తి కూడా కాదు.

1895లో కలకత్తా టౌన్ హాల్‌లో గోడల గుండా పంపిన తరంగంతో గంట మోగించి, మందుగుండు పేల్చి చూపినప్పటికీ, 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసంగించినప్పటికీ, బోస్‌కు వార్తలు పంపడం మీద ఆసక్తి లేదు. ఆయన చూస్తున్నది కంటికి కనిపించని కాంతిని. రేడియోను ఆయనే కనిపెట్టారా, మార్కోనీ కనిపెట్టారా అన్న వాదం మన దేశంలో ఇప్పటికీ తేలదు గానీ, ఆ వాదంలో పడి అసలు విషయం మరుగున పడుతుంటుంది. బోస్ ఎంచుకున్న మిల్లీమీటరు తరంగాలు దూరం పోవు. దూరం కావాలనుకున్న మార్కోనీ సరిగ్గా ఎదురుదారి పట్టి, తరంగదైర్ఘ్యాన్ని వందల మీటర్లకు పెంచుకుంటూ పోయారు.

1901 డిసెంబర్ 12న ఇంగ్లండ్‌లోని పోల్దూ నుంచి పంపిన మోర్స్ సంకేతం, మూడు చుక్కల ఎస్ అక్షరం, అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి కట్టి ఎగరేసిన తీగకు అందిందని మార్కోనీ ప్రకటించగానే శాస్త్రజ్ఞులకు చిక్కు వచ్చిపడింది. తరంగం తిన్నగా పోయేదైతే మధ్యలో భూమి వంపు అడ్డు వస్తుంది. అంచుల దగ్గర కొంత వంగుతుందనుకున్నా, ఆ వంపు అంత దూరానికి చాలదని గణితజ్ఞులు లెక్కగట్టారు. 1902లో అమెరికాలో కెనెలీ, ఇంగ్లండ్‌లో హెవిసైడ్ ఎవరికి వారే వాతావరణం పైభాగాన విద్యుద్వాహక పొర ఒకటి ఉండి తరంగాన్ని కిందికి పంపుతుండవచ్చునని సూచించారు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టడం వల్ల ఏర్పడే ఆ ప్రాంతమే అయనావరణం. ఊహ వచ్చింది గానీ, రుజువుకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. 1924 డిసెంబర్‌లో యాపిల్టన్, బార్నెట్ కలిసి బోర్న్‌మత్ రేడియో కేంద్రం తన పౌనఃపున్యాన్ని మెల్లగా మారుస్తూ ప్రసారం చేసేలా ఏర్పాటు చేసుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో నేల వెంట వచ్చిన తరంగం, పైనుంచి తిరిగి వచ్చిన తరంగం కలిసి బలపడుతూ, తగ్గుతూ ఉండటాన్ని కొలిచి, పరావర్తనం సుమారు 90 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున జరుగుతున్నదని తేల్చారు. మరుసటి ఏడు అమెరికాలో బ్రైట్, ట్యూవ్ తరంగాన్ని చిన్న తునకలుగా పైకి పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు. అయనోసోండ్ అనే పరికరం, ఆ తర్వాత రాడార్ కూడా ఈ పద్ధతి బిడ్డలే.

ఈలోగా వ్యాపారానికి పనికిరావని ప్రభుత్వాలు ఔత్సాహికులకు వదిలేసిన 200 మీటర్ల లోపు తరంగాలే అన్నిటికంటే దూరం పోతున్నాయని ఆ ఔత్సాహికులు కనిపెట్టారు. 1924 అక్టోబర్ 18న లండన్ మిల్ హిల్ పాఠశాలలో చదువుతున్న సెసిల్ గోయ్‌డర్ అనే కుర్రవాడు న్యూజిలాండ్‌లోని ఫ్రాంక్ బెల్‌తో షార్ట్ వేవ్ మీద నేరుగా సంభాషించి, భూగోళపు రెండు చివరలను కలిపాడు. భారత పాఠకులకు ఈ పేరు ముఖ్యం కావడానికి కారణముంది. ఆ కుర్రవాడే పెద్దై 1936లో ఆలిండియా రేడియో ప్రధాన ఇంజినీరుగా ఢిల్లీకి వచ్చారు.

అప్పటికి బొంబాయి, కలకత్తాల్లో 1927లో మొదలైన ఒకటిన్నర కిలోవాట్ల మీడియం వేవ్ కేంద్రాలు ఆ నగరాల పొలిమేర దాటి అంతగా వినిపించేవి కావు. మీడియం వేవ్ పగటిపూట భూతరంగంగా నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది కనుక, నేల తన విద్యుద్వాహకత మేరకు దాన్ని మింగేస్తుంది. పైగా ఉష్ణమండలంలో ఉరుములు, మెరుపులు పుట్టించే గరగర శబ్దం ఆ పౌనఃపున్యాల్లోనే ఎక్కువ. అంత పెద్ద దేశాన్ని భూతరంగంతో కప్పాలంటే అప్పటి ఖజానాకు తలకు మించిన భారం. గోయ్‌డర్ ఆకాశతరంగాన్ని నమ్ముకున్నారు. నగరానికి చిన్న మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్, చుట్టుపక్కల ప్రాంతమంతటికీ షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ అన్నది ఆయన పథకం. షార్ట్ వేవ్‌లోనూ తక్కువ పౌనఃపున్యాలను ఎంచుకుని, తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే అది అయనావరణానికి తగిలి ట్రాన్స్‌మిటర్ చుట్టూ వందల కిలోమీటర్ల మేర పడుతుంది, మధ్యలో వినపడని వలయం మిగలదు. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రానికి పావు కిలోవాటు మీడియం వేవ్‌తో పాటు 10 కిలోవాట్ల షార్ట్ వేవ్ ఉండటానికి కారణం ఇదే. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం తెరిచేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల శ్రోతలకు తెలుగు రేడియో అంటే ప్రధానంగా మద్రాసు కేంద్రమే. రాత్రివేళ పాట ఉబికి వచ్చి, అంతలోనే సన్నగిల్లి, మళ్ళీ పుంజుకోవడం రేడియో సిలోన్ విన్న తరమంతటికీ అనుభవమే; వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి కలిసి బలపడటం, ఒకసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం దానికి మూలం. పాఠ్యపుస్తకంలో ఫేడింగ్ అన్న శీర్షిక కింద వచ్చేది ఇదే.

ఇంజినీర్లు ఆకాశాన్ని వాడుకుంటుండగా దాన్ని కొలిచే పని కలకత్తా విశ్వవిద్యాలయంలో జరుగుతున్నది. ఫ్రాన్స్‌లో చదువుకుంటూ అక్కడ రేడియో వాల్వుల పరిశోధన చూసిన శిశిర్ కుమార్ మిత్ర, ఎమ్మెస్సీ భౌతికశాస్త్రంలో వైర్‌లెస్‌ను ఒక విషయంగా చేర్చాలని అశుతోష్ ముఖర్జీకి రాసి ఒప్పించి, 1923లో తిరిగి వచ్చి ఆ తరగతులు ప్రారంభించారు. ఈ దేశంలో తరంగ ప్రసరణ ఒక చదువుగా రూపుకట్టింది ఇంజినీరింగ్ కళాశాలలో కాదు, భౌతికశాస్త్ర శాఖలో. ఆయన బృందం 1930 నాటికే అయనావరణంలో ఇ అని పిలిచే పొరకు కలకత్తా మీద ప్రయోగాత్మక ఆధారం సంపాదించింది, 1932-33 నాటి రెండో అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో కొలతలు అందించింది. 1947లో ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన ఆయన గ్రంథం ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ వాతావరణపు పైభాగం మీద అప్పటికి తెలిసినదంతా ఒకచోట చేర్చినందున ప్రపంచమంతటా పరిశోధకుల బల్లల మీదికి చేరింది. రష్యన్‌లోకి కూడా వెళ్ళింది. 1949లో రేడియో ఫిజిక్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, 1955లో హరిణ్‌ఘాటాలో అయనావరణ క్షేత్ర కేంద్రం ఆయన చొరవతోనే వచ్చాయి.

భారత ఆకాశం యూరప్ ఆకాశం లాంటిది కాదన్నది ఈ పరిశోధనల్లో తేలిన పెద్ద విషయం. సూర్యుడు నడినెత్తిన ఉండే భూమధ్య ప్రాంతంలో ఎలక్ట్రాన్లు అన్నిచోట్ల కంటే ఎక్కువ ఉండాలని ఎవరైనా అనుకుంటారు. 1946లో యాపిల్టన్ ప్రపంచవ్యాప్త కొలతలను పరిశీలించగా, అయనావరణంలో ఎఫ్ అని పిలిచే పై పొరలో ఎలక్ట్రాన్ల సాంద్రత అయస్కాంత భూమధ్యరేఖ మీద తగ్గి, దానికి ఉత్తరాన, దక్షిణాన దాదాపు 15 డిగ్రీల అక్షాంశాల దగ్గర శిఖరాలుగా లేచింది. అయస్కాంత భూమధ్యరేఖ పైన ఎత్తున ఉన్న ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత బలరేఖల వెంట ఇరువైపులకూ జారి చేరుతున్నాయని మిత్ర అదే ఏడాది నేచర్ పత్రికలో వివరణ ఇచ్చారు. పగటి విద్యుత్ క్షేత్రం ముందుగా వాటిని పైకి ఎత్తుతుందన్న అంశాన్ని తర్వాతి పరిశోధకులు జోడించడంతో చిత్రం పూర్తయింది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది, ఉత్తరపు శిఖరం మధ్య భారతం మీద పడుతుంది. తెలుగు నేల ఆ లోయకూ శిఖరానికీ మధ్యనున్న వాలు కింద ఉంది.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనావరణ పరిశోధన వేళ్ళూనుకోవడానికి ఈ భౌగోళిక స్థానం ఒక కారణమైతే, బి. రామచంద్రరావు నాయకత్వం మరో కారణం. 1950ల్లో అక్కడ జరిగిన పనిలో అయనావరణంలోని గాలుల వేగాన్ని నేల మీదనుంచే కొలవడం ప్రధానమైనది. ఎస్.ఎన్. మిత్ర 1949లో కేంబ్రిడ్జ్ నుంచి ప్రకటించిన ఆ పద్ధతి వినడానికి తేలికే. లంబకోణ త్రిభుజం మూలల్లో వంద మీటర్లకు అటూ ఇటూగా ఎడం ఉండేలా మూడు యాంటెన్నాలు నిలబెట్టి, పక్కనున్న ట్రాన్స్‌మిటర్ నుంచి తరంగపు తునకలను నిట్టనిలువుగా పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని బలం ఒక్కొక్క యాంటెన్నా దగ్గర ఎలా హెచ్చుతగ్గులవుతుందో ఫిల్ము మీద నమోదు చేస్తారు. పైనున్న ఎలక్ట్రాన్ల మడతలు గాలికి కదులుతుంటే నేల మీద వాటి నీడలాంటి బలాబలాల అమరిక కూడా కదులుతుంది కనుక, ఒక యాంటెన్నాలో కనిపించిన హెచ్చుతగ్గు రెండోదానిలో సెకను లోపు, లేదా కొద్ది సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ ఆలస్యం తెలిస్తే వేగం, దిశ లెక్కకు వస్తాయి. మూడు గీతలను ఒకదాని కింద ఒకటి పరిచి, శిఖరానికి శిఖరం పోల్చి, ఆలస్యాన్ని చేత్తో కొలిచే ఈ పని విసుగు పుట్టించేది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో పరిశోధక విద్యార్థి ఓపికే అసలు పరికరం. రాకెట్టు ఎగరేయకుండానే వంద కిలోమీటర్ల ఎత్తునున్న గాలిని తెలుగు విశ్వవిద్యాలయం ఒకటి కొలవగలిగిందంటే ఆ ఓపిక చలవే.

అయితే ఇదే కాలంలో ఇంజినీరింగ్ విద్య ఇంకో దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కోసం పెరిగిన మైక్రోవేవ్ విద్య 1950లో వచ్చిన రెండు అమెరికా పాఠ్యగ్రంథాల్లో, ఎడ్వర్డ్ జోర్డాన్ రాసిన విద్యుదయస్కాంత తరంగాల గ్రంథంలోనూ జాన్ క్రాస్ రాసిన ‘యాంటెన్నాస్’లోనూ కుదురుకుంది. జోర్డాన్, బాల్మెయిన్ పేర్లతో తర్వాత వచ్చిన కూర్పు తెలుగు నాట కళాశాల గ్రంథాలయాల్లో అట్టలూడేదాకా నలిగింది. మైక్రోవేవ్ తరంగం అయనావరణాన్ని చీల్చుకుని పోతుంది కాబట్టి ఆకాశం గొడవ లేకుండానే చాలా లెక్కలు తేలిపోతాయి. 1946లో హారాల్డ్ ఫ్రిస్ ఇచ్చిన సూత్రంతో, రెండు యాంటెన్నాల గెయిన్, అంటే కోరిన దిక్కుకు శక్తిని కేంద్రీకరించే సామర్థ్యం, తెలిస్తే దూరపు వర్గానికి విలోమంగా తగ్గే శక్తిని ఒక్క పంక్తిలో రాయవచ్చు. పరీక్షకు ఇది అనువైనది. యాంటెన్నా ముందుకు, ఆకాశం వెనక్కు జరగడంలో ఈ సౌలభ్యం పాత్ర చిన్నది కాదు.

దీన్ని నష్టంగా మాత్రమే చూడటం న్యాయం కాదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాజేశ్వరి ఛటర్జీ మైక్రోవేవ్, యాంటెన్నాల మీద తరాల విద్యార్థులను తయారుచేశారు. యాగితో కలిసి 1926లో కడ్డీల యాంటెన్నాను వెలుగులోకి తెచ్చిన షింటారో ఉడా 1950ల్లో యునెస్కో నిపుణుడిగా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, చంద్రయాన్-1తో మాట్లాడేందుకు బ్యాలాలులో 32 మీటర్ల పళ్ళెం యాంటెన్నాను నిలబెట్టింది. అంతకంటే ముచ్చటైనది 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగం. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు అమెరికా ఉపగ్రహం నుంచి 860 మెగాహెర్ట్జ్ మీద నేరుగా టీవీ కార్యక్రమాలు అందుకున్నాయి. వాటికి అమర్చిన మూడు మీటర్ల పళ్ళాలు కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప వలతో చేసినవి. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు కనుక, దానిలో చిన్న భాగమైన వల కన్ను తరంగానికి కనిపించదు, వల నిండు రేకులాగే పరావర్తనం చేస్తుంది, గాలి మాత్రం వలలోంచి పోతుంది కాబట్టి పళ్ళెం ఒరగదు.

యాంటెన్నా, ప్రసరణ అనే ఈ రెండు సగాలూ మళ్ళీ కలిసిన చోటు తిరుపతికి చేరువలోని గాదంకి. 1990ల తొలినాళ్ళలో అక్కడ పనిచేయడం మొదలుపెట్టిన ఎంఎస్‌టీ రాడార్, వాతావరణంలోని మూడు అంచెలను పరిశీలించేది, నాలుగెకరాల పైచిలుకు నేలలో అడ్డానికి 32, నిలువుకు 32 చొప్పున 1024 చోట్ల మూడు కడ్డీల యాగి-ఉడా యాంటెన్నాలను ఆకాశానికి గురిపెట్టి నిలిపిన క్షేత్రం. ఇంటి కప్పుల మీద దూరదర్శన్ కోసం ఊరి వైపు తిప్పుకున్న అల్యూమినియం కడ్డీలకు ఇవి సాక్షాత్తు తోబుట్టువులు. ఇక్కడ యాంటెన్నా కదలదు. ఒక్కొక్క వరుసకు అందించే విద్యుత్తు దశను, అంటే అల ఏ క్షణాన శిఖరానికి చేరుతుందన్న దాన్ని, మారుస్తూ సుమారు మూడు డిగ్రీల వెడల్పున్న పుంజాన్ని కావలసిన దిక్కుకు వంచుతారు. 53 మెగాహెర్ట్జ్ తరంగం, అత్యధికంగా రెండున్నర మెగావాట్ల శక్తితో బయలుదేరి, స్వచ్ఛమైన గాలిలో సుడుల వల్ల తరంగదైర్ఘ్యంలో సగం పరిమాణంలో, అంటే సుమారు 2.8 మీటర్లలో, ఏర్పడే వక్రీభవన గుణకపు హెచ్చుతగ్గుల నుంచి అతి సన్నని ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. వాల్తేరులో మూడు యాంటెన్నాలతో గాలిని కొలిస్తే, గాదంకిలో వెయ్యికి పైగా యాంటెన్నాలతో, ఎన్నో ఎత్తుల్లో కొలిచారు. 2005లో ఆ కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు మార్చుకుంది.

మైక్రోవేవ్ వచ్చాక అయనావరణంతో పని తీరిందన్న భావన కూడా నిలవలేదు. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థను రూపొందించినప్పుడు, జీపీఎస్ సంకేతం అయనావరణంలో ఎంత ఆలస్యమవుతుందో తెలియకపోతే స్థాన నిర్ణయంలో మీటర్ల కొద్దీ తేడా వస్తుందని, మధ్య అక్షాంశాలకు తయారైన నమూనాలు లోయకూ శిఖరానికీ మధ్యనున్న ఈ వాలు మీద సరిగా పనిచేయవని తేలింది. 1946 నాటి ఆ రెండు శిఖరాలు ఇంజినీర్ల లెక్కల్లోకి మళ్ళీ వచ్చాయి. దేశమంతటా నెలకొల్పిన గ్రాహకాల నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల లెక్కలను విశ్లేషించి ప్రచురించినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులూ ఉన్నారు. 2022లో కేంద్రం 5జీ కోసం వేలం వేసిన స్పెక్ట్రమ్‌లో 26 గిగాహెర్ట్జ్ పట్టీ ఒకటి. దాని తరంగదైర్ఘ్యం పదకొండున్నర మిల్లీమీటర్లు, సరిగ్గా బోస్ బల్ల మీద నడిచిన తరంగాల కోవలోనిది. ఆ కొలతతో పోల్చదగ్గ పరిమాణంలో ఉండే వానచినుకు దాన్ని పీల్చుకుని చెదరగొడుతుంది, ఇటుక గోడ దాదాపు ఆపేస్తుంది, చెట్టు ఆకులు కూడా తగ్గిస్తాయి. నైరుతి రుతుపవనాల జడివానలో ఆ పట్టీ మీద ఒక్కొక్క కిలోమీటరుకు ఎంత శక్తి పోతుందన్నది ఇప్పుడు టవరును ఎక్కడ నిలబెట్టాలో తేల్చే లెక్క.